ఆయిల్ తాగే బండీ, పరీక్షకు డబ్బులివ్వని మనమూ

పోయిన నెలలో మా స్టాఫ్‌రూములో ఒక తోటి ఉపాధ్యాయుడు అన్నం డబ్బా మూత తీస్తూ, తన బండి పొగ కొడుతోందనీ, హాఫ్ ఇంజను (ఇంజను పై సగం విప్పి బోరు కొట్టించి, పిస్టను, రింగులు మార్చడం) చేయించాలన్నారనీ, 7 వేలు సర్దుకుని రమ్మన్నారనీ చెప్పాడు. పొగ ఏ వేళలో వస్తోందని అడిగాను. వస్తోంది, అంతే అన్నాడు. వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తగ్గుతోందని అడిగాను. ఎప్పుడూ చూడలేదన్నాడు. పోనీ, మెకానిక్ అయినా ఈ రెండు ప్రశ్నలూ అడిగాడా అంటే, ఆయన యాక్సిలరేటరు ఒకసారి గట్టిగా తిప్పి, సైలెన్సరు వెనక అరచెయ్యి పెట్టి వాసన చూసుకుని, "రింగులు పోయినయ్యి సార్" అన్నాడట. రింగులంటే పిస్టను చుట్టూ ఉండి ఒత్తిడినీ ఆయిల్‌నూ ఆపేవి. ఇంజను విప్పడానికి పట్టేది ఒక పూట. విప్పాలా వద్దా అని తేల్చడానికి ఆయన తీసుకున్నది ఒక నిమిషం.

ఇలాంటి కథ వినగానే మెకానిక్కును తిట్టడం మనకు అలవాటు, నేనూ చాలాకాలం తిట్టాను. ఇప్పుడు నాకు వేరే అభిప్రాయం కుదిరింది. మన ఊళ్లలో ఆయిల్ తాగే ఇంజనుకు జరిగే వైద్యం గుడ్డిగా సాగడానికి అసలు కారణం, సామానుకూ బిగింపుకూ డబ్బులిచ్చే మనం పరీక్షకు రూపాయి కూడా ఇవ్వకపోవడం. ఒకసారి డబ్బు పోగొట్టుకుని, రెండోసారి కొంత మిగుల్చుకున్న తరువాత నాకు ఇది అర్థమైంది కాబట్టి ఆ రెండు సంగతులూ చెప్పాలి.

మొదటిసారి పోయిన డబ్బు

నేను ఒంగోలులో ఉంటాను. చాలా ఏళ్లుగా కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి అవతలి బడులకు రోజూ బండి మీదే వెళ్లివస్తున్నాను. సంతనూతలపాడు దాటిన దగ్గర నుంచి గ్రానైటు రాళ్ల లారీలు వరసగా ఎదురవుతుంటాయి. ఆ నల్లరాయి గెలాక్సీ అనే పేరు పెట్టుకుని సముద్రాలు దాటిపోతుంది గాని, దాని పొడి మాత్రం మాకే మిగులుతుంది. వేసవిలో ఇంటికి వచ్చి మొహం కడుక్కుంటే చెంబుడు నీళ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. అదే గాలిని బండి కూడా పీల్చుకుంటూ వచ్చిందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

నా మొదటి వంద సీసీ బండి 60 వేల కిలోమీటర్ల దగ్గర పొగ మొదలుపెట్టింది. పేరున్న షెడ్డుకు తీసుకువెళితే పైన చెప్పిన తీర్పే వచ్చింది. సిలిండరును లేతు షాపుకు పంపి, పావు మిల్లీమీటరు పెద్ద సైజుకు బోరు (లోపలి రంధ్రం) కొట్టించి, కొత్త పిస్టను సెట్టు వేశారు. అయిదు నెలల పాటు బండి కొత్తదానిలాగే నడిచింది. ఆరో నెలలో మళ్ళీ పొగ. షెడ్డులో అడిగితే బోరు సరిగా కొట్టలేదని లేతువాళ్ల మీదికి నెట్టారు. లేతులో అడిగితే రింగులు నాసిరకమని షెడ్డు మీదికి నెట్టారు. నేను ఇద్దరి మాటా నమ్మి, ఇద్దరినీ తిట్టుకుంటూ మరో మూడు నెలలు గడిపాను.

చివరకు కొత్తపట్నం బస్టాండు దగ్గర, రేకుల కింద ఒక్కడే పనిచేసుకునే పెద్దాయన దగ్గరికి ఎవరో పంపారు. అందరూ ఆయనను భాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆయన ఇంజను జోలికే పోలేదు. సీటు తీసి, ఎయిర్ ఫిల్టరు డబ్బాకూ కార్బురేటరుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, రెండు చేతులతో వంచి చూపించాడు. పైకి కనిపించని అడుగు వైపున రెండు అంగుళాల చీలిక ఉంది. తరువాత కార్బురేటరు నోట్లో వేలు పెట్టి తిప్పి, ఆ వేలిని నా బొటనవేలికి రుద్దాడు. గరుకుగా, సన్నటి ఇసుకలా తగిలింది. "వడకట్టు పక్కన పెట్టి టీ పోసుకున్నట్టుంది మాస్టారూ" అన్నాడు.

రాతిపొడి ఆయిల్‌తో కలిస్తే వాల్వులు అరగదీసే పేస్టుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. చీలిన గొట్టం అలాగే ఉండగా కొత్త రింగులు వేయడమంటే, ఆ పేస్టుకు కొత్త ఇనుము అప్పగించడమే. మొదటి 60 వేల కిలోమీటర్ల అరుగుదలకు కూడా ఆ చీలికే కారణమో కాదో ఇప్పుడు తేల్చలేను గాని, రెండోసారి అరిగింది దానివల్లేనని మాత్రం అనుమానం లేదు. ఆ గొట్టం ఖరీదు 200 రూపాయల లోపే. బోరు కొట్టినవారి పనిలో తప్పేమీ లేదని తెలిసిన తరువాత, నేను అన్న మాటలకు వెళ్లి క్షమాపణ చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

పొగ ఎప్పుడు వస్తుంది

ఇప్పటి బండి 78 వేల కిలోమీటర్ల దగ్గర అదే పాట ఎత్తుకున్నప్పుడు నేను వెంటనే షెడ్డుకు పోలేదు. ముందు అది ఏ పొగో చూశాను. మనవాళ్లు ఆయిల్ పొగను కూడా తెల్లపొగే అంటారు. ఎండపొడలో చూస్తే అందులో నీలిచాయ ఉంటుంది, మాడిన నూనె కమురు ముక్కుకు తగులుతుంది, గాలిలో కాసేపు నిలుస్తుంది. చలికాలం పొద్దున రెండు నిమిషాలు కనిపించి మాయమయ్యే తెల్లటి ఆవిరి వేరు. పెట్రోలు ఎక్కువై వచ్చే నల్లపొగ వేరు. ఈ మూడింటినీ ఒకే గాటకు కట్టడం వల్ల కార్బురేటరు ట్యూనింగుతో పోయేదానికి ఇంజను విప్పించుకున్నవారు కూడా ఉన్నారు.

ఇక ఆయిల్ పైనుంచి దిగుతోందా, కింది నుంచి ఎక్కుతోందా అన్నది అసలు ప్రశ్న. పైన సిలిండరుకు మూతలాంటి హెడ్డులో, గాలినీ పొగనూ వదిలే వాల్వుల కాడలకు చిన్న రబ్బరు సీళ్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి అవి గట్టిపడి పట్టు వదులుతాయి. బండి రాత్రంతా నిలిచి ఉంటే హెడ్డులోని ఆయిల్ ఆ కాడల వెంట మెల్లగా కిందికి జారుతుంది, పొద్దున మొదటి కిక్కుకు గుప్పున పొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోతుంది. గేరులో ఉండగానే యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసినప్పుడు కూడా లోపలికి పీల్చే వైపు బలమైన శూన్యం ఏర్పడి, అరిగిన సీలు గుండా ఆయిల్‌ను లాగుతుంది. మళ్ళీ తిప్పిన క్షణాన ఆ లాగిన ఆయిల్ కాలి పొగవుతుంది. రింగులు, బోరు అరిగితే తీరు మారుతుంది. బరువు పడేకొద్దీ, ఇద్దరెక్కి ఎత్తు ఎక్కేకొద్దీ పొగ పెరుగుతుంది, ఆగదు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గాలి బుసకొట్టినట్టు తన్నుతుంది.

నడిపేవాడికి తన పొగ కనిపించదు. అందుకని డిగ్రీ చదివే మా అబ్బాయిని ఒక ఆదివారం పొద్దున వెనక స్కూటరు మీద రమ్మన్నాను. చీమకుర్తి దాకా వెళ్లివచ్చాక వాడు చెప్పిన మాట నా నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను: "నువ్వు స్పీడు పెంచినప్పుడల్లా రాలేదు నాన్నా, లారీ వెనక మొత్తం వదిలేసి మళ్ళీ తిప్పినప్పుడే వచ్చింది." షెడ్డు ముందు సెంటర్ స్టాండు మీద నిలబెట్టి యాక్సిలరేటరు తిప్పితే ఈ తేడా ఎవరికీ తెలియదు.

తరువాత కొలత. ఏటవాలు లేని గచ్చు మీద, సెంటర్ స్టాండు వేసి, చల్లని ఇంజనుతో, ఆయిల్ మట్టం చూసే పుల్లను తుడిచి, మరలు బిగించకుండా ఆనించి మాత్రమే మట్టం చూశాను. పై గీత దాకా నింపి, 500 కిలోమీటర్లు నడిపి, మళ్ళీ అదే గీతకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో మందుల షాపులో కొన్న పెద్ద సిరంజితో కొలిచాను. మొదటి 500కు 95, రెండో 500కు 100. మూడో 500లో ఎక్కువ భాగం రెండుసార్లు నెల్లూరు వెళ్లివచ్చిన హైవే ప్రయాణం, అప్పుడు 55 మాత్రమే పట్టింది. రింగులే దోషులైతే హైవే మీద గంటల తరబడి బరువు మీద నడిచినప్పుడు వాడకం పెరగాలి గాని తగ్గకూడదు. ఊళ్లో ఆగుతూ సాగుతూ, వదులుతూ తిప్పుతూ పోయే బడి దారిలోనే ఎక్కువ తాగుతోందంటే వేలు వాల్వు సీళ్ల వైపు చూపిస్తోంది. ఇది రుజువు కాదు, సూచన మాత్రమే అని కూడా పుస్తకంలో రాసుకున్నాను. బండి కింద మూడు రాత్రులు అట్టముక్క పరిచి, ఎక్కడా చుక్క కారడం లేదని కూడా చూసుకున్నాను. తగ్గిన ఆయిలంతా కాలిన ఆయిలే అనుకోవడానికి వీల్లేదు, గేరు షాఫ్టు సీలు దగ్గర కారి దుమ్ముతో అట్టకట్టేది కూడా ఉంటుంది.

మట్టం గురించి మరొక్క మాట. పక్క స్టాండు మీద ఉన్న బండికి పుల్ల పెట్టి చూస్తే, బండి ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి కుడివైపు ఉండే పుల్లకు ఆయిల్ తక్కువగా కనిపిస్తుంది. అలా చూసి పోసే కుర్రవాళ్ల చేతిలో పడితే ఆయిల్ ఎక్కువై, ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు గొట్టం గుండా ఫిల్టరు డబ్బాలోకి ఎగజిమ్మి, అక్కడి నుంచి ఇంజనులోకి పోయి పొగవుతుంది. మా ఎదురింటాయన బండికి ఒకసారి పావు లీటరు ఆయిల్ తీసేస్తే పొగ ఆగిపోయింది.

భాయ్ సూది, నా లెక్క

ఈ నోటుపుస్తకం పట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్లి, ఇంజను విప్పకముందే చేయగలిగిన పరీక్షలన్నీ చేయమనీ, వాటికి విడిగా డబ్బులిస్తాననీ చెప్పాను. ఆయన నన్ను కాసేపు వింతగా చూసి, బీరువా అడుగు నుంచి, సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి తీసి దుమ్ము దులిపాడు. అడిగినవాడు లేక వాడడం లేదన్నాడు.

ప్లగ్గు తీసి, గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి పట్టుకుని సూది నిలిచేదాకా కిక్కులు కొడితే 135 పీఎస్ఐ చూపించింది. తరువాతి మెట్టు అందరికీ తెలిసినదే: ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ వేసి మళ్ళీ కొలిస్తే, ఒత్తిడి బాగా పెరిగితే దోషం రింగులది, పెరగకపోతే వాల్వులది. భాయ్ ఒక చెంచా ఆయిల్ పోయబోతే ఆపాను. నేను లెక్కలు చెప్పేవాణ్ణి. నా బండి సిలిండరు 97 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి (పిస్టను కింద ఉన్నప్పటి ఖాళీకీ పైన ఉన్నప్పటి ఖాళీకీ నిష్పత్తి) 9కి 1 అనుకుంటే, పిస్టను పైకి చేరినప్పుడు పైన మిగిలే ఖాళీ 12 సీసీ చిల్లర మాత్రమే. చెంచా అంటే సుమారు 5 మిల్లీలీటర్లు. ఆ ఖాళీలో 5 సీసీ ఆయిలే ఆక్రమిస్తే మిగిలేది 7, అప్పుడు నిష్పత్తి 14 దాటిపోతుంది. రింగులు ఎంత బాగున్నా సూది ఎగిరిపడుతుంది, రింగులు పోయాయని తేలుతుంది. కారు ఇంజన్లకు రాసిన పద్ధతిని వంద సీసీ బండికి అలాగే దించుకుంటే వచ్చే చిక్కు ఇది. ఈ పరీక్ష పేరు మీద ఎన్ని నిరపరాధ రింగులు చెత్తబుట్టలో పడ్డాయోనని నా అనుమానం.

సిరంజితో ఒక్క మిల్లీలీటరు వేశాం. సూది 145 చూపింది. ఒక సీసీ తగ్గిన ఖాళీకి నిష్పత్తి 9.7 అవుతుంది. ఆ మాత్రం పెరుగుదల ఆయిల్ ఆక్రమించిన జాగా వల్లే వస్తుంది. కాబట్టి రింగులు ఒత్తిడిని బాగానే పట్టుకుంటున్నాయి. భాయ్ ఇంకో పని కూడా చేశాడు. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి తయారు చేసుకున్న గొట్టంతో, పిస్టనును పైన నిలిపి కంప్రెసరు గాలి ఎక్కించి, ఆయిల్ మూత దగ్గర, కార్బురేటరు దగ్గర, సైలెన్సరు దగ్గర వరసగా చెవి పెట్టాడు. మూడు చోట్లా చెప్పుకోదగ్గ శబ్దం లేదు.

ఇక్కడ నా వాదనకే ఎదురు పోట్లాడే విషయం ఒకటి ఉంది. ఒత్తిడిని పట్టేవి పై రెండు రింగులు. బోరు గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపేది మూడోది, ఆయిల్ రింగు. అది మసి పట్టి గాడిలోనే బిగుసుకుపోతే, గేజి మీద అంకె బ్రహ్మాండంగా ఉంటూనే బండి ఆయిల్ తాగుతుంది. అంటే మేము చేసిన పరీక్షలన్నీ కలిపినా ఆయిల్ రింగును నిర్దోషిగా తేల్చలేవు. భాయ్ ఈ మాటే అన్నాడు. అందుకని హెడ్డు తీసిన తరువాత చూసే సాక్ష్యం కోసం నిర్ణయాన్ని వాయిదా వేశాం.

హెడ్డు తీశాక ఇన్‌టేక్ వాల్వు వీపు మీద తారులా నల్లటి గడ్డ పేరుకుని ఉంది, ఎగ్జాస్టు వాల్వు పొడిగా ఉంది. పిస్టను నెత్తి మీద మసి అంచు దాకా సమంగా ఉంది. కింది నుంచి ఆయిల్ ఎక్కుతుంటే ఆ అంచులు కడిగినట్టు తేటగా కనిపించాలి. బోరు లోపల హోనింగు (ఆయిల్ నిలవడానికి గోడను సన్నగా గీయడం) అడ్డగీతలు చాలామేరకు ఇంకా మిగిలే ఉన్నాయి. సీళ్లు వేలితో నొక్కితే రబ్బరులా వంగలేదు, ప్లాస్టిక్ ముక్కల్లా పెళుసుగా ఉన్నాయి. గైడ్లలో (వాల్వు కాడ కదిలే గొట్టాలలో) వాల్వు కొద్దిగా ఆడుతోంది గాని మార్చాల్సినంత కాదని భాయ్ అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ పాత ఆశ తలెత్తింది. ఎలాగూ విప్పాం కదా, రింగులు కూడా వేసేద్దామా? నేనే అడిగాను ఆ మాట. అరిగిన బోరులో, హోనింగు లేకుండా కొత్త రింగులు వేస్తే అవి గోడకు సర్దుకోవడానికి వేల కిలోమీటర్లు పడుతుందనీ, కొన్నిసార్లు సర్దుకోవనీ, ఉన్నవి ఆ గోడతో కలిసి అరిగి కుదురుకున్నవనీ భాయ్ చెప్పాడు. వాల్వులు శుభ్రం చేసి, రెండు సీళ్లు, హెడ్డు గాస్కెట్, కూలితో కలిపి 1,450 రూపాయలయ్యాయి.

బిల్లులో లేని వరస

పరీక్షకు విడిగా 300 ఇచ్చాను. భాయ్ తీసుకోనన్నాడు. నా బలవంతం మీద తీసుకుని, కాగితం మీద లెక్క రాసేటప్పుడు ఒక క్షణం ఆగి, "ప్లగ్గు, కార్బు క్లీనింగు: 300" అని రాశాడు. పరీక్ష అని రాయవచ్చు కదా అంటే నవ్వి, "అట్టా రాస్తే ఎవరిస్తారు మాస్టారూ" అన్నాడు.

అప్పుడు నాకు హాఫ్ ఇంజను సలహా వెనకున్న లెక్క కనిపించింది. గంటసేపు పరీక్షించి "సీళ్లే, రింగులు బాగున్నాయి" అని చెప్పిన మెకానిక్కుకు దక్కేది తక్కువ కూలి. పైగా ఆ తరువాత ఏ కారణంతో పొగ వచ్చినా, మళ్ళీ విప్పే కూలి మనం ఇవ్వం, నువ్వే చెడగొట్టావంటాం. అన్నీ ఒకేసారి మార్చిన మెకానిక్కుకు ఆ భయం లేదు. అంటే హాఫ్ ఇంజను ఆయనకు మన నోటి నుంచి రక్షణ. మా తోటి ఉపాధ్యాయుడికి నిమిషంలో తీర్పు చెప్పిన ఆ మెకానిక్ కూడా తెలియక చెప్పాడని నేననుకోను. ఆ నిమిషానికి కూడా ఆయనకు ఎవరూ డబ్బివ్వలేదు. ఒంట్లో బాగాలేకపోతే రక్తపరీక్షకు వేలు పోసే మనం, గేజి బిగించినందుకు 100 ఇమ్మంటే దోపిడీ అంటాం.

ఇంత పట్టింపు దేనికి, తగ్గినప్పుడల్లా పోసుకుంటే పోదా అని మా బావమరిది అడిగాడు. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. నెమ్మదిగా నడిచిన నెలల్లో నా బండి తాగింది వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్ల లోపు. లీటరు 400 చొప్పున లెక్కేస్తే 80 రూపాయలు. పది వేల కిలోమీటర్లకు 800. ఈ లెక్కన హాఫ్ ఇంజను ఖర్చు రావాలంటే బండి ఎనభై, తొంభై వేల కిలోమీటర్లు నడవాలి. డబ్బు ఒక్కటే చూస్తే బావమరిదిదే గెలుపు. అయితే ఈ చిన్న ఇంజన్లలో పట్టేదే లీటరు లోపు ఆయిల్. రెండు వేల కిలోమీటర్లు మట్టం చూడకుండా మరిచిపోతే దాదాపు సగం ఖాళీ, అప్పుడు ముందుగా ఎండేది హెడ్డు, పోయేది వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టు. పోసుకుంటూ పోయే పద్ధతి ప్రతి ఆదివారం పుల్ల చూసేవాడికి సరిపోతుంది. అలా చూసేవాళ్లు ఎంత తక్కువమందో నాకు తెలుసు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లయితే సైలెన్సరులో పొగను శుద్ధి చేసే కన్వర్టరు కాలిన ఆయిల్ బూడిదకు పాడవుతుంది, దాని ఖరీదు ముందు బోరు ఖరీదు చిన్నది. వెనక వచ్చేవాడి ఊపిరితిత్తుల సంగతి బావమరిది లెక్కలోనూ లేదు, నా మొదటి బండి రోజుల్లో నా లెక్కలోనూ లేదు. మా నాన్న టూస్ట్రోకు స్కూటరు నడిపిన కాలంలో పెట్రోలులో ఆయిల్ కలిపి పోయించుకునేవారు, పొగ రాకపోతేనే ఆయిల్ తగ్గిందేమోనని కంగారు పడేవారు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి పొగను జబ్బుగా చూడడం నాకూ ఆలస్యంగానే అలవాటైంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ఎదురువాదన వేరే ఉంది. ఆరు వారాలు సిరంజితో కొలుస్తూ కూర్చోవడం నెలజీతం వచ్చే మాస్టారికి చెల్లుతుంది. కొత్తపట్నం నుంచి తెల్లవారుజామున చేపల బుట్ట కట్టుకుని వచ్చే అతనికి బండి ఒక్క పూట ఆగితే ఆ పూట సంపాదన పోతుంది. అతనికి ఒకేసారి అన్నీ మార్చి, ఏడాది పాటు మళ్ళీ షెడ్డు మొహం చూడనివ్వని హాఫ్ ఇంజనే నయం కావచ్చు. దానికి నా దగ్గర సమాధానం లేదు. అతను కూడా ఆ ఫిల్టరు గొట్టం ఒకసారి వంచి చూపించుకోవాలని మాత్రం చెప్పగలను, దానికి రెండు నిమిషాలు చాలు.

సీళ్లు మార్చిన తరువాత నా బండి మొదటి వెయ్యికి 55, రెండో వెయ్యికి 60 మిల్లీలీటర్లు తాగింది. సున్నా కాలేదు. మిగిలినది గైడ్ల దగ్గర జారుతోందా, ఆయిల్ రింగు వదిలేస్తోందా అన్నది తేలలేదు. ఇప్పుడు విప్పవద్దనీ, 100 దాటితే తీసుకురమ్మనీ భాయ్ అన్నాడు. మా తోటి ఉపాధ్యాయుడు నిన్ననే నా సిరంజి అడిగి పట్టుకుపోయాడు.